జాగీరు లెక్కలో ఫుట్‌బాల్ జట్టు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, 1949లో, వానలు వెనకబట్టిన రోజుల్లో నన్ను మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక చిన్న జాగీరును స్వాధీనం చేసుకునే పని మీద పంపించారు. అప్పుడు నేను పేష్కార్‌ని. తహసీల్దారు కింద రెండో అధికారి అన్నమాట. ఈనాటి డిప్యూటీ తహసీల్దారుతో సమానం. జాగీర్లు రద్దయ్యాయి. ఊళ్లకు ఊళ్లు జాగీర్దార్ల చేతుల్లోంచి సర్కారు చేతిలోకి రావాలి. ఉర్దూ దఫ్తరాలు తడబడకుండా చదవగలిగినవాళ్లను, భూమి లెక్క తెలిసినవాళ్లను ఏరి జిల్లాలకు పంపుతున్నారు. అందులో నా పేరు ఉన్నందుకు నేను ఆశ్చర్యపోలేదు. నల్లగొండ జిల్లాలో గిర్దావరుగా, అంటే రెవెన్యూ ఇన్స్పెక్టరుగా, ఉన్నప్పుడే నా పనికి పేరుండేది.

ఆ ఉద్యోగంలో చాలా జాగీర్లు చూశాను. ముసలి ఏనుగును అప్పగించి రసీదు అడిగినవాళ్లున్నారు. తెగిపోయిన చెరువును నిండు చెరువుగా రాసిచ్చినవాళ్లున్నారు. ఫుట్‌బాల్ జట్టును ఆస్తి లెక్కలో రాసిచ్చిన జాగీర్దారును మాత్రం ఒక్కరినే చూశాను. ఆ సంగతే ఇది.

పని పద్ధతి కొంచెం చెప్పాలి. స్వాధీనంలో అసలైన కష్టం తాళాలు తీసుకోవడంలో లేదు, విడదీయడంలో ఉంది. జాగీరు ఆదాయంతో నడిచేవన్నీ సర్కారుకు వస్తాయి: కచేరీ, ఠాణా, చెరువులు, అడవి, నౌకర్లు. జాగీర్దారు సొంతమైనవి ఆయనకే ఉంటాయి: ఇల్లు, నగలు, సొంత సేద్యం భూమి. దీన్ని జాతీ ఆస్తి అనేవాళ్లం. ప్రతి వస్తువూ ఈ రెండింట్లో ఏదో ఒకటి కావాలి. జాగీర్దారు తనకు పనికొచ్చేదాన్ని జాతీ కింద, తల మీద బరువైనదాన్ని జాగీరు కింద రాసుకొస్తాడు. మేము దాన్ని సరిచూడాలి. ఎవరు ఏమన్నారన్నది వదిలి, ఖర్చు ఏ ఖాతాలోంచి పోయిందో చూస్తే సగం తగాదా అక్కడే తేలిపోతుంది.

నేను వెళ్లిన ఊరు ఆత్మకూరు అవతల, కృష్ణకు దగ్గర. ఎర్ర చెలక, రాతిగుట్టలు, అక్కడక్కడా జొన్న. అమ్రాబాద్ అడవి వైపునుంచి కమ్యూనిస్టుల సంఘం దళాలు ఈ పక్కకు వస్తున్నాయన్న అనుమానంతో రోడ్డు మీద పోలీసు క్యాంపు పెట్టారు. పొద్దుగూకాక బయట తిరగొద్దని, నలుగురు ఒకచోట చేరొద్దని ఉత్తర్వు. ఊరివాళ్లు నన్ను చూసి కూడా గొంగడి సర్దుకుని పక్కకు తప్పుకునేవారు. సర్కారు మనిషంటే ఆ రోజుల్లో అంతే.

జాగీర్దారు జగన్నాథరావు దొరకు అప్పుడు నలభై అయిదు దాటి ఉంటాయి. నగరంలో జాగీర్దార్ల పిల్లలు చదివే బడిలో చదివి, అక్కడే ఫుట్‌బాల్ మరిగాడు. మోకాలు విరిగి ఆట మానుకున్నాక సొంతంగా జట్టు పెట్టాడు. నేను వెళ్లినరోజు ఆయన నన్ను కచేరీకి తీసుకుపోలేదు. కొద్దిగా కుంటుతూ ముందు నడిచి, తన కోటలాంటి గడీ వెనక నుంచి నేరుగా ఆట మైదానానికి తీసుకుపోయాడు.

అలాంటి మైదానం ఆ చుట్టుపక్కల తాలూకాల్లో లేదని ఒప్పుకోవాలి. నేలంతా చదును. ఒకవైపు పొడుగునా రాతిమెట్లు, జనం కూచోవడానికి. మిగతా మూడు వైపులా ప్రహరీ మొదలుపెట్టి మొల ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. ఆ గోడ ఎందుకో ఆయనే వివరించాడు. ఆటలో రాబడి అంతా గేటు దగ్గరే. టికెట్టు కొన్నవాడికి తప్ప ఇంకెవరికీ బంతి కనబడకూడదు. మొదట్లో చుట్టూ కనాతులు కట్టించాడట, పెళ్లి పందిళ్లకు కట్టే గుడ్డ తెరలు. గాలికి అవి లేచిపోయేవి, గుట్టలెక్కిన జనం ఉచితంగా చూసేవారు. అందుకని గోడ కావలసి వచ్చింది. రైలు స్టేషను దూరం కాదు గనక రాయచూరు, కర్నూలు జట్లను పిలిచి పందేలు పెడితే ఆ వైపు జనం కూడా వస్తారని లెక్క వేశాడు. ఆ లెక్క చూపించి బేగంబజారులోని గిరిధారి సేఠ్ దగ్గర అప్పు తెచ్చాడు. సేఠ్ నగరంలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు పెట్టుబడిదారు కూడా. అప్పుకు హామీగా రెండు రాసుకున్నాడు. మొదటిది గేటు వసూళ్లు. అవి రాకపోతే, జట్టులో తనకు కావలసిన ఆటగాళ్లను తన క్లబ్బుకు తీసుకుపోయే హక్కు.

తర్వాత రజాకార్ల గొడవలు, ఆ వెనక పోలీసు చర్య. ఆటలు చూడ్డానికి రైలెక్కి వచ్చేవాడెవడు? గోడ మొదలుపెట్టాక గేటు తెరిచిందే లేదు.

దొర స్వయంగా తయారుచేసిన జాబితాలో స్టేడియం, దాని మీద అప్పు జాగీరు కింద ఉన్నాయి. జట్టు జాతీ కింద ఉంది. ఎందుకట్లా అని అడిగాను.

"ఆటగాండ్లు నా మనుషులు, పేష్కార్ సాబ్," అన్నాడు. "నేను ఏరి తెచ్చిన, నేను సాదిన. గ్రౌండంటరా, అది జాగీరుది. జాగీరు తోటే పోనీయండి."

చెప్పిన తీరులో కపటం కనబడలేదు. అయినా దాని ఫలితం నాకు స్పష్టంగా కనబడింది. అప్పు సర్కారు నెత్తిన పడుతుంది. ఆటగాళ్లు ఆయన చేతిలో మిగులుతారు. సేఠ్ రెండో హామీ అడిగితే కావలసినవాళ్లను అప్పగించి ఆయన ఆ లావాదేవీలోంచి బయటపడతాడు. ఆలోచించి చెబుతానని అన్నాను.

కచేరీలో జీతాల చిట్టాలు తీయించాను. ఆటగాళ్లలో ఒక్కడు కూడా ఆటగాడిగా లేడు. కొందరు గుర్రపు సవార్లు, కొందరు జంగల్ చౌకీదార్లు, గోల్‌కీపరు దఫ్తరు బంట్రోతు. అప్పట్లో అన్ని సంస్థానాల్లోనూ, నగరంలో చాలా శాఖల్లోనూ ఇదే పద్ధతి. ఆట పేరు మీద జీతమిచ్చే ఖాతా ఉండదు గనక ఏదో ఒక ఉద్యోగంలో చూపేవారు. దాన్ని నేను తప్పు పట్టను. జీతం జాగీరు ఖజానాలోంచి పోయిందన్నది మాత్రం తేలిపోయింది. అలాంటప్పుడు వాళ్లు జాగీరు నౌకర్లు. జాతీ ఆస్తి కాదు.

ఇంకొకటి కూడా తేలింది. ప్రతి ఆటగాడి దగ్గరా ఒక ఇక్రారునామా, అంటే ఒప్పంద పత్రం, రాయించుకున్నారు. చేరేటప్పుడు పేష్గీ, అంటే బయానా, ఇస్తారు. ఉండటానికి ఇల్లు, నెలకు జొన్నలు. పేష్గీ తీరేదాకా ఇంకెవరికీ ఆడకూడదు, ఊరు విడవకూడదు. జీతంలోంచి పేష్గీ కోత పడదు. మధ్యలో పెళ్లికో రోగానికో ఇంకొంత తీసుకుంటే అదీ కలుస్తుంది. అంటే ఎప్పటికీ తీరదు.

ఈ పత్రం చదవడానికి నాకు కానూను పుస్తకం అవసరం కాలేదు. మాది పోచంపల్లి. మా నాయిన మగ్గం నేసేవాడు. నూలు, పేష్గీ ఇచ్చిన సావుకారుకే చీర నేయాలి. ఇంకొకరికి నేస్తే మగ్గం మీద పడతారు. నేను చదువుకు పోయిన ఏడు మా నాయిన సావుకారును మార్చుకోవాలని చూశాడు, మార్చుకోలేకపోయాడు. పేష్గీ ఏం చేస్తుందో మా ఇంట్లో చూసినవాణ్ని. తర్వాత గిర్దావరుగా పొలాల మీద తిరిగినప్పుడు భాగేలాలను చూశాను. పేష్గీ కింద దొర దగ్గర జీతానికి పడి ఉండే మనుషులు వాళ్లు. ఆ రకం ఒప్పందాలకు ఏడాది కంటే విలువ లేదని నిజాం ప్రభుత్వమే ఏనాడో కట్టడి చేసింది. ఊళ్లలో దాన్ని అమలు చేసినవాడు లేడు, అంతే. నా ముందున్న కాగితంలో భాగేలా మాటలే ఉన్నాయి, మధ్యలో ఫుట్‌బాల్ అన్న మాట చేర్చారు.

నా నిర్ణయం అక్కడే అయిపోయింది. అయితే ఆటగాళ్లను కలవకుండా రాయదలచుకోలేదు.

జట్టు కెప్టెను ఖాజా. వెనక వరుస ఆటగాడు, వయసు ముప్ఫై దాటిన మనిషి, మాట తక్కువ. గడీ పక్కన ఆటగాళ్ల ఇళ్ల వరసలో ఉండేవాడు. నేను వెళ్లి, ఆ పత్రానికి ఇక విలువ లేదని, అతను ఎక్కడికైనా పోవచ్చని చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. అతను ముందు కుర్చీ తుడిచి వేశాడు. నన్ను కూచోబెట్టాక అడిగాడు.

"కాయితం పోతె ఇల్లు గూడ పోతది కద సాబ్. మేం యాడికి పోవాలె?"

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పోలీసు చర్య అయిన తర్వాతి వారాల్లో చుట్టుపక్కల ఊళ్లలో ముసల్మానుల ఇళ్ల మీద పడ్డారు. అతని అన్న ఇల్లు కాలిపోయింది. ఇక్కడికీ గుంపు వచ్చింది. దొర గడీ తలుపులు తీయించి, ఖాజా కుటుంబాన్ని, ఇంకో ముగ్గురు ఆటగాళ్ల కుటుంబాలను లోపల పెట్టుకుని, తను వాకిట్లో కుర్చీ వేసుకుని కూచున్నాడట. గుంపు తిరిగిపోయిందట.

"దొర మా పానం గాపాడిండు," అన్నాడు. "గది గూడ మీ కాయితంల రాస్కోన్రి."

ఆస్తుల నివేదికలో అలాంటి విషయానికి చోటు లేదు. అయినా వేరే పేరాగా రాశాను. తర్వాత జిల్లా కచేరీలో ఇది సంబంధంలేని సంగతి అని ఎవరో మార్జిన్‌లో రాశారు. నేను తీసేయలేదు. జట్టు ఎవరిదన్న తగాదాలో ఆ దొర స్వభావం కూడా ఒక సాక్ష్యమే అని నా అభిప్రాయం.

ఖాజాకు మాట ఇచ్చాను. జాగీరు నౌకర్లకు సర్కారు ఏదో దారి చూపేదాకా ఇళ్లు ఖాళీ చేయించనని. ఆ అధికారం నాకుంది. నేను చార్జి తీసుకున్న ఇళ్లు నా ఆధీనంలోనివే.

ఇక మిగిలింది నేల. సర్వే రికార్డులో ఆ మైదానం బంచరాయి, అంటే ఊరి పశువులు మేసే పొలం. దాన్ని దొర ఎప్పుడు చదును చేయించాడో, ఎవరితో చేయించాడో ఊళ్లో అందరికీ తెలుసు. నాగలికి ఇంత అని పట్టీ వేసి పైసలు గుంజారు. పైసలు లేనివాళ్లతో వెట్టికి బండలు మోయించారు. మొదట్లో ఎవరూ నా దగ్గరకు వచ్చి చెప్పలేదు. పోలీసు క్యాంపు కళ్లముందు ఉండగా దొర మీద మాట్లాడితే సంఘం మనిషి అన్న ముద్ర పడుతుందని భయం.

ఆ భయాన్ని మొదట వదిలింది మల్లమ్మ. కురుమ ఇంటి ఆడమనిషి, భర్త లేడు. జట్టు గోల్‌కీపరు సాయిలు ఆమె కొడుకే. ఒకరోజు పొద్దున్నే ఆమె, ఇంకా కొన్ని కురుమ ఇళ్ల ఆడవాళ్లు తమ గొర్రెల మందలను మొల ఎత్తు గోడ సందులోంచి మైదానంలోకి తోలారు. వానలకు అక్కడ పచ్చిక బాగా లేచింది. బయట చెలకల్లో కసువు లేదు. జాగీరు పోయిందన్న మాట ఊళ్లో పాకింది గనక, ఇక ఆ నేల తమదేనని వాళ్లు అనుకున్నారు.

ఊరి పోలీసు పటేలు ఆ సంగతి క్యాంపుకు చేరవేశాడు. ఏమని చేరవేశాడన్నదే ముఖ్యం. సంఘంవాళ్లు జాగీరు భూమి ఆక్రమించారని. భూములు పంచడం ఆ ఏడు సంఘం చేస్తున్న పని. ఆ మాట విన్నాక క్యాంపులో ఆగి ఆలోచించేవాళ్లు ఉండరు. నల్లగొండలో అలాంటి మాటల మీద ఊళ్లు ఖాళీ కావడం, మనుషులు తిరిగి రాకపోవడం నేను చూశాను.

నేను కచేరీలో ఉండగా సాయిలు వచ్చాడు. ఎత్తయిన మనిషి, పొడుగు చేతులు. పరుగెత్తి వచ్చినా గొంతు నిలకడగానే ఉంది. "సారు, మా అమ్మ వాళ్లను తుపాకులోల్లు చుట్టుకున్నరు. జర మీరొచ్చి చెప్పాలె," అన్నాడు. నేను చార్జి ఉత్తర్వు జేబులో పెట్టుకుని, కలం, సిరా బుడ్డి పట్టుకుని వెంట నడిచాను.

మైదానంలో దాదాపు డజను మంది తుపాకులతో నిలబడి ఉన్నారు. ఆడవాళ్లను మెట్ల దగ్గర కూచోబెట్టారు. గొర్రెలు మాత్రం గోల్ కర్రల మధ్య మేస్తూనే ఉన్నాయి. క్యాంపు అధికారి బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాడు, తెలుగు రాదు. ఈ ఆడవాళ్లను బండిలో ఎక్కించమని చెబుతున్నాడు. దొర మెట్ల పై వరసలో నిలబడి చూస్తున్నాడు. పటేలు ఆయన పక్కనే ఉన్నాడు.

మల్లమ్మను మాట్లాడొద్దని కొడుకు సైగ చేశాడు. ఆమె వినలేదు. నన్ను చూసి లేచి నిలబడింది.

"గీ జాగల మా మామ గొర్లు మేసినయి, మా గొర్లు మేసినయి. బండలు పరిచేటప్పుడు మమ్ముల అడిగినోడు లేడు. ఆ బండలు మోసింది గూడ మేమే. నేను ఎవ్వల జాగ గుంజుకోలె సారు. కసువు కోసమొచ్చిన."

నేను అధికారితో ఉర్దూలో మాట్లాడాను. ముందు నా హోదా చెప్పాను, చార్జి ఉత్తర్వు చూపించాను. ఈ నేల ఫలానా తేదీ నుంచి సర్కారుది, సర్కారు తరఫున నా ఆధీనంలో ఉంది. ఆక్రమణ జరిగిందీ లేనిదీ చెప్పవలసినవాణ్ని నేను. నేను ఫిర్యాదు చేయలేదు. ఇది ఊరి మేత పొలం. ఈ ఆడవాళ్లకు మేతకు అనుమతి ఇచ్చాను. అతను అనుమతి కాగితం ఏదని అడిగాడు. అక్కడే మెట్టు మీద కూచుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసి, సంతకం చేసి ఇచ్చాను. సిరా ఆరకముందే చదివి, ఇది ఇప్పుడు రాసిందే కదా అన్నాడు. అవునన్నాను. అధికారం ఇప్పుడు రాలేదని, చార్జి తీసుకున్న రోజునే వచ్చిందని చెప్పాను.

అతను కాగితం నాకు తిరిగి ఇచ్చాడు. రేపు ఇక్కడ ఏదైనా జరిగితే నీ పేరే రాస్తానన్నాడు. రాసుకోమన్నాను. తన మనుషులను పిలుచుకుని వెళ్లిపోయాడు. దాని మీద నా సంతకంలో మొదటి అక్షరం కొంచెం వంకర పోయింది. కానీ నా మాటలో తప్పు లేదని నాకు తెలుసు. పని తెలిసినవాడికి ఉండే ధైర్యం అది.

దొర కుంటుతూ మెట్లు దిగి వచ్చాడు. పటేలు పంపిన మాటలో ఆయన చెయ్యి ఉందో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నేలను బంచరాయిగా రాస్తే స్టేడియం ఏమవుతుందని మాత్రం అడిగాడు. అనుమతి లేకుండా ఊరి పొలంలో కట్టిన కట్టడం అవుతుందని, కట్టినవాడు రాళ్లు తీసుకుపోవచ్చని చెప్పాను. అప్పు ఊరి పని కోసం చేసింది కాదు గనక జాగీరు మీదికి రాదు, ఆయన సొంతమే. జట్టు మాత్రం ఆయనది కాదు, ఎవరిదీ కాదు.

ఆయన మైదానం వైపు తిరిగాడు. "నేను పైసల కోసం పెట్టలేదు సాబ్ గీ జట్టును," అన్నాడు. నేను నమ్మాను. ఆ మాటే ఆయనతో అన్నాను కూడా. నివేదిక మాత్రం మార్చలేదు.

ఆ వారంలోనే గిరిధారి సేఠ్ మోటారులో దిగాడు. లావుపాటి మనిషి, మర్యాదస్తుడు. నగరం క్లబ్బుకు గోల్‌కీపరు కావాలి, సాయిలు మీద ఎప్పట్నుంచో కన్నుంది. దొర దగ్గరనుంచి సాయిలును రాయించుకుపోవడానికి కాగితాలు సిద్ధం చేసుకుని వచ్చాడు. కచేరీలో కూచోబెట్టి పరిస్థితి వివరించాను. మీ హామీలో గేటు లేదు, నేల లేదు, మనుషులు లేరు; రాళ్లున్నాయి. అతను కోప్పడలేదు. వ్యాపారం చేసినవాడు గనక పోయినదాన్ని పక్కనబెట్టి ఉన్నదాన్ని చూశాడు. అయితే గోల్‌కీపరును ఎవరిని అడగాలి అన్నాడు. గోల్‌కీపరునే అడగమన్నాను.

ఆ మాట అతనికి నిజంగా కొత్త. ఆటగాళ్ల బేరమంటే అప్పటిదాకా యజమానులు ఇద్దరూ కూచుని తేల్చుకునేదే. సాయిలును పిలిపించాం. ఖాజా కూడా తోడు వచ్చాడు. దొర గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

సేఠ్ నగరంలో ఉద్యోగం, జీతం, ఉండటానికి గది అన్నాడు. పెద్ద పేష్గీ ఇస్తానని మడత నోట్లు బల్ల మీద పెట్టాడు. సాయిలు నోట్ల వైపు చూశాడు, ముట్టుకోలేదు.

"పేష్గి వద్దు సేట్," అన్నాడు. "నెల కాంగనె జీతమియ్యున్రి. ఒక్క ఏడు ఆడుత. నచ్చితె ఇంకో ఏడు. నచ్చకుంటె ఇంటికొస్త. నాతోని ఖాజా అన్నను గూడ తీస్కోవాలె."

పేష్గీ తీసుకోకపోతే నువ్వు మధ్యలో పోవని నమ్మకమేమిటని సేఠ్ అడిగాడు.

"జీతం ఆపితె పోత," అన్నాడు సాయిలు. "ఆపకుంటె ఎందుకు పోత?"

ఖాజాకు వయసు మీరుతోందని సేఠ్ గొణిగాడు. సాయిలు లేచి వెళ్లిపోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. సేఠ్ నా వైపు చూశాడు. ఇది నా వ్యవహారం కాదని చెప్పాను. నేను సర్కారు నౌకరును, ఎవరి బేరానికీ మధ్యవర్తిని కాను. సేఠ్ నోట్లు తీసి మళ్లీ జేబులో పెట్టుకుని, ఇద్దరూ రండి అన్నాడు. ఏడాది ఒప్పందం తెలుగులో రాయించుకుని, చదివించుకుని, సాయిలు వేలిముద్ర వేశాడు. ఖాజా ఉర్దూలో సంతకం చేశాడు.

బయటికి వస్తుంటే దొర సాయిలును ఆపాడు.

"ఎడమ దిక్కు కిందికొచ్చే బంతికి నువ్వు ఆలస్యంగ దుంకుతవు. గది సరిచేస్కో."

"అట్లనే," అన్నాడు సాయిలు. ఆ ఊళ్లో దొరతో మాట్లాడేవాడెవడూ ‘బాంచెన్’, అంటే నీ బానిసను, అనకుండా మాట ముగించడం నేను అప్పటిదాకా వినలేదు. దొర అది గమనించాడో లేదో తెలియదు. తల ఊపి గడీ వైపు వెళ్లిపోయాడు.

మిగతా ఆటగాళ్ల సంగతి ఇంత బాగా జరగలేదు. జాగీరు నౌకర్లను ఆయా శాఖల్లోకి తీసుకునే వీలుంది గాని, చిట్టాలో సవారు అని ఉన్నవాడు గుర్రమెక్కి చూపించాలి. మా సవార్లలో ఒక్కడు కూడా గుర్రాన్ని పట్టుకుని ఎరగడు. జంగల్ చౌకీదార్లుగా ఉన్న ఇద్దరిని అమ్రాబాద్ వైపు అడవిశాఖవాళ్లు తీసుకున్నారు, కాళ్లు గట్టివని. కొందరికి తొలగింపు భత్యం ఇప్పించగలిగాను. ఎడమ వైపు ఆడే కుర్రవాడు బొంబాయి మిల్లులకు పోయాడు, తర్వాత అతని సంగతి ఎవరికీ తెలియలేదు. జట్టు అంతటితో ముగిసింది. దాన్ని నిలబెట్టే దారి ఏదైనా ఉందా అని అప్పుడూ వెతికాను, తర్వాతా ఆలోచించాను. నాకు దొరకలేదు. జొన్న పండే ఊళ్లో టికెట్లు కొనే జనం లేకుండా, పట్టీలూ వెట్టీ లేకుండా, ఆ స్టేడియం లేచేదే కాదు.

సేఠ్ రాళ్ల కోసం ఒక మేస్త్రీని పంపి చూపించుకున్నాడు. బండ్ల కిరాయికి కూడా రావని వదిలేశాడు. కొన్నిటిని రోడ్డు పనివాళ్లు తీసుకుపోయారు. బంచరాయి బంచరాయిగానే రికార్డులో నిలిచింది. నేను బదిలీ అయ్యేటప్పుడు మల్లమ్మ మందలోంచి ఒక పొట్టేలును ఇవ్వబోయింది. తీసుకోకూడదని చెప్పి తిప్పి పంపాను. ఆమెకు కోపం వచ్చింది.

సాయిలు, ఖాజా నగరంలో ఏడాది ఆడారు. ఏడాది కాగానే సేఠ్ జీతం పెంచి మళ్లీ అడిగాడని, సాయిలు ఒప్పుకున్నాడని విన్నాను. ఖాజా ఆట చాలించి ఒక బడిలో పిల్లలకు ఆట నేర్పే పనిలో చేరాడు. దొర అప్పు తీర్చుకోవడానికి నగరంలో ఇల్లు అమ్ముకున్నాడు.

ఉద్యోగంలో పైకి వచ్చి డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన రోజుల్లో జిల్లా క్రీడల సంఘాలవాళ్లు, మిల్లుల జట్లవాళ్లు ఆటగాళ్ల ఒప్పందాల ముసాయిదాలు నా దగ్గరికి తెచ్చేవారు. నేను ముందు చూసేది జీతం కాదు. ఆటగాడు మానుకోదలిస్తే ఏం చేయాలి అన్నది ఎక్కడ రాశారో వెతికేవాణ్ని. అది లేకపోయినా, తీరని బాకీకి ముడిపెట్టి ఉన్నా, కాగితం తిప్పి పంపేవాణ్ని. ఎంత మంచి యజమాని అయినా, ఆటగాడి ప్రాణం కాపాడినవాడే అయినా, ఆ నియమం మార్చలేదు. యజమాని మంచితనం యజమానితోనే పోతుంది, తర్వాత వచ్చేవాడి చేతిలో మిగిలేది కాగితమే. ఆ జాగీరులో నేను నేర్చుకున్నది అది.